ఆయుధాల గదిలో మాట్లాడబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీకు మ్యూజియంలో గైడు ఉద్యోగం వచ్చిందని, ఆయుధాల గ్యాలరీ నీకే అప్పగిస్తున్నారని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ముప్పయ్యేళ్ళు అటువంటి గదిలోనే నిలబడి మాట్లాడినవాణ్ణి కనుక, వచ్చేవారు ఏయే అపోహలతో వస్తారో, వారిని నొప్పించకుండా వాటిని ఎలా తీర్చాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు నిన్ను అడిగేది బరువు గురించే. పాతకాలపు కత్తి పది పదిహేను కిలోలు ఉండేదని, ఈ కాలపు మనిషి దాన్ని ఎత్తనైనా ఎత్తలేడని చాలామంది గట్టిగా నమ్ముతారు. నిజానికి మన తల్వారు గాని, ఐరోపా యోధులు ఒంటిచేత్తో వాడిన కత్తి గాని సాధారణంగా ఒక కిలోకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది. రెండు చేతులతో పట్టే పెద్ద కత్తులు సైతం చాలావరకు మూడున్నర కిలోలు దాటవు. అంకెలు చెప్పి ఊరుకుంటే ఎవరికీ పట్టదు. అందుకని నిండా నీళ్ళున్న లీటరు సీసా ఒకటి వెంట ఉంచుకో. దాన్ని ఒక కుర్రవాడి చేతికిచ్చి, చేయి బారజాపి కుడి ఎడమలకు యాభైసార్లు తిప్పమను. సగం కాకముందే భుజం పీకుతోందని అతనే అంటాడు. అప్పుడు, పదిహేను కిలోలతో ఎంతసేపు పోరాడగలమో ఆలోచించమని అడుగు.

మహారాణా ప్రతాప్ కవచం 72 కిలోలు, బల్లెం 81 కిలోలు అని ఎవరో ఒకరు తప్పక అంటారు. అక్కడ నవ్వవద్దు. ఆ మాట వెనుక ఉన్నది ఆ వీరుడి మీద గౌరవమే. ఆ రెండే కలిపి 153 కిలోలు అవుతాయని, దానికి మనిషి బరువు అదనమని, ఇదంతా మోస్తూ గుర్రం పరిగెత్తాలని మెల్లగా చెప్పి, లెక్క వారినే వేయనివ్వు.

ఐరోపా పలకల కవచం మాటకొస్తే, యుద్ధానికి తొడిగేది సుమారు 20 నుంచి 25 కిలోలు ఉంటుంది. ఆ బరువు ఒళ్ళంతా పంచుకుని ఉంటుంది కనుక కిందపడితే లేవలేరన్నది, గుర్రం ఎక్కించడానికి కప్పీలు కట్టేవారన్నది వట్టి మాట. బూసికో అనే ఫ్రెంచి యోధుడు కవచం తొడుక్కునే పిల్లిమొగ్గ వేసేవాడని ఆయన బతికుండగానే రాసిన చరిత్రలో ఉంది. పోటీల ఆటకు వేరే కవచాలు మరింత బరువుగా చేసేవారు. తికమక చాలావరకు వాటి వల్లనే వచ్చింది.

ఇక కత్తి అలుగు, అంటే పిడి పోగా మిగిలిన లోహపు భాగం, నడుమ నిడుపుగా కనిపించే గాడి. అది రక్తం కారిపోవడానికని నేను కూడా మొదటి నాలుగైదేళ్ళు నమ్మకంగా చెప్పాను. ఒకనాడు ఊరినుంచి వచ్చిన ఒక పెద్ద కమ్మరి అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూసి, "అయ్యా, రక్తం పోవడానికైతే మొన దాకా ఉండాలి గదా, ఇది ముందే ఆగిపోయిందేం?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పుడాయనే చెప్పాడు: సమ్మెటతో గాడి దింపితే నడిమి ఇనుము పక్కలకు జరుగుతుంది, ఉన్న ఇనుముతోనే అలుగు వెడల్పవుతుంది, బరువు తగ్గినా బిగువు తగ్గదు. మేడకు వేసే ఇనుప దూలం నడుమ సన్నగా ఉండటంలో ఉన్న కిటుకు కూడా ఇదే. ఆ రోజు నుంచి, వస్తువును చూపించలేని మాట నేను చెప్పలేదు. నువ్వు కూడా చెప్పవద్దు.

డమాస్కస్ ఉక్కు దగ్గర మాత్రం తొందరపడక ఆగి మాట్లాడు. బానిసల రక్తంలో ముంచారని, ఎదుటి కత్తిని ముల్లంగిలా నరికేదని కథలు వినిపిస్తాయి. అసలు సంగతి అంతకంటే గొప్పది. ఆ పేరుతో లోకానికి తెలిసిన మేలైన కత్తులకు కావలసిన ఉక్కు దక్షిణ భారతం నుంచి, శ్రీలంక నుంచి వెళ్ళింది. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రానికి పర్షియా వర్తకులు వచ్చి ఉక్కు ముద్దలు కొనుక్కుపోయేవారు. ఊక కలిపిన మట్టితో మూస (లోహం కరిగించే చిన్న పాత్ర) చేసి, అందులో ఇనుము నింపి మూసి, కొలిమిలో గంటల తరబడి కరిగించేవారు. దక్షిణాదిలో కొన్నిచోట్ల తంగేడు పుల్లలు, జిల్లేడు ఆకులు కూడా వేసేవారు. అలా సుమారు ఒకటిన్నర శాతం కర్బనం పట్టిన ఆ ముద్దను మరీ తెల్లగా కాల్చి కొడితే పగిలిపోతుంది, ఎర్రటి వేడి మీదనే ఓపికగా సాగదీయాలి. అలుగు మీద నీటి అలల్లా కనిపించే గీతలు ఆ ఉక్కులో పుట్టినవే. ఈ ఉక్కును ఇంగ్లీషువారు "వూట్జ్" అన్నారు, మన "ఉక్కు" అనే మాటే వారి నోట అలా అయిందని చాలామంది పండితుల అభిప్రాయం. ఇది చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం పలికినా తప్పులేదు.

జపాను కత్తిని ఎన్నో మడతలు పెట్టింది మహిమ కోసం కాదు, ఇసుక ఇనుములోని మడ్డి పోవడానికని చెబితే చాలు. కత్తిని ఒరలో నుంచి దూస్తే సినిమాల్లోలాగా ఖణేల్మనదు. ఒర లోపల ఉండేది చెక్క. లోహం రాసుకుంటే వాదర, అంటే పదునైన అంచు, మొద్దుబారుతుంది.

మొదటి వారంలోనే నేను వస్తాను. చెప్పకుండా వచ్చి వెనుక వరుసలో నిలబడతాను. ఆ గాడి ఎక్కడ ఆగిందో అందరితో పాటు నాకూ చూపించు.

ఇట్లు,
మీ పెదనాన్న