కొత్త సంగీతమే వాయిస్తానంటోంది, ఆపాలా?

ప్రశ్న: సార్, మా అమ్మాయి చిన్నప్పట్నుంచీ వెస్టర్న్ క్లాసికల్ వయొలిన్ నేర్చుకుంటోంది. బాఖ్, మోజార్ట్ చక్కగా వాయిస్తుంది. ఇప్పుడేమో ఈ కాలం కంపోజర్లు రాసిందే వాయిస్తా, అదే నా కెరీర్ అని పట్టుబట్టింది. అది వింటే నాకు తలుపు కిర్రుమన్నట్టే ఉంటోంది. దాన్ని నమ్ముకుని నిలబడినవాళ్లు ఉన్నారా?

జవాబు: ఆపకండమ్మా. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది మాట్లాడతా.

నిలబడినవాళ్లు ఉన్నారు. లండన్‌లో ఇర్విన్ ఆర్డిట్టీ అని, 1974లో చదువుకుంటూనే ఒక క్వార్టెట్, అంటే నలుగురు తీగవాద్యాల వాళ్ల బృందం, మొదలుపెట్టాడు, తర్వాత లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో చేరి పాతికేళ్ల వయసుకే కో-కాన్సర్ట్‌మాస్టర్, అంటే వయొలిన్లను ముందుండి నడిపించేవాళ్లలో ఒకడు, అయ్యాడు, ఎంతోమంది జీవితమంతా ఎదురుచూసే కుర్చీ అది, 1980లో దాన్ని వదిలేసి పూర్తిగా క్వార్టెట్‌కే వచ్చేశాడు. ఆ నలుగురి కోసమే వందల రచనలు పుట్టాయి.

ఇంకోటి చెప్తా. జాన్ కేజ్ అనే అమెరికన్ కంపోజర్ 1977లో ఫ్రీమన్ ఎట్యూడ్స్ అని సోలో వయొలిన్‌కి రాయడం మొదలుపెట్టి, సగం దాటాక ఇది మనిషి వాయించలేడు అనిపించి ఆపేశాడు. కొన్నేళ్ల తర్వాత ఆర్డిట్టీ ఆ రాసినవి వాయిస్తుంటే విని, సాధ్యమేనన్నమాట అనుకుని మళ్లీ కూర్చుని 1990కి మొత్తం 32 పూర్తిచేశాడు. అంటే వాయించేవాడి చేతుల వల్ల రాసేవాడి కలం కదిలింది. మీ అమ్మాయిని లాగుతున్నది ఇదేనని నాకనిపిస్తోంది, బాఖ్‌ని మనం వెళ్లి అడగలేం కదా, ఈ కంపోజర్‌ని మాత్రం ఇక్కడ బో, అదే కమాను, ఇలా పట్టనా అలా పట్టనా అని అడగొచ్చు.

ఇక కిర్రు సంగతి. తీగల్ని ఎత్తిపట్టే చెక్కముక్క, బ్రిడ్జి అంటారు, దాని దగ్గరగా బో లాగితే ఆ సౌండ్ వస్తుంది, వెంట్రుకలతో కాకుండా బో కర్రతో తీగని కొడితే ఇంకోలా వస్తుంది, కంపోజర్ కావాలనే అడుగుతాడు. కర్రకి గీతలు పడతాయి కాబట్టి చాలామంది దానికోసం చవక బో ఇంకోటి ఉంచుకుంటారు, మీరూ ఒకటి కొనిపెట్టండి.

తిండి మాటకొస్తే, కొత్త సంగీతం కచేరీలు ఒక్కటే సరిపోవడం చాలా కష్టం, దాచను. టీచింగో ఆర్కెస్ట్రానో పక్కన ఉండాలి, అందుకే బాఖ్, మోజార్ట్ లాంటి పాత రచనలు వదలొద్దని గట్టిగా చెప్పండి. కొత్త సంగీతం వాయించిన వయొలినిస్ట్ లూయిస్ క్రాస్నర్ అంతటివాడు కూడా తర్వాత మినియాపోలిస్ ఆర్కెస్ట్రాలో కాన్సర్ట్‌మాస్టర్‌గా చేసి, ఆపైన యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు.

క్రాస్నర్ అంటే, ఆల్బన్ బెర్గ్ అనే కంపోజర్‌తో వయొలిన్ కాన్సర్టో, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి ఒక్క వయొలిన్ ముందుండి వాయించే రచన, రాయించినవాడు. 1500 డాలర్లిచ్చి అడిగాడు. బెర్గ్ అప్పుడు ఒపెరా పనిలో ఉండి వెనకాడాడు. తర్వాత ఒప్పుకుని, క్రాస్నర్ తన ఇంటికొచ్చినప్పుడు కాన్సర్టోలేవీ వద్దు, ఊరికే నీకు తోచింది వాయిస్తూ ఉండు అని గంటల తరబడి విన్నాడట. ఆ చేతులు ఎలా కదుల్తాయో వినాలని! ఆ 1935లోనే, తెలిసినవాళ్ల అమ్మాయి మానన్, 18 ఏళ్లది, పోలియోతో పోయింది. ఆ దుఃఖంలో ఆగస్టుకల్లా ముగించి, 'ఒక దేవదూత స్మృతికి' అని అంకితం రాశాడు. డిసెంబర్‌లో ఆయనా పోయాడు, స్టేజి మీద వినకుండానే. 1936 ఏప్రిల్‌లో బార్సిలోనాలో క్రాస్నర్ వాయించాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఆ కాన్సర్టోలో సోలో వయొలిన్ దేంతో మొదలవుతుందో తెలుసా, వేలు పెట్టకుండా వట్టి నాలుగు తీగలు, కింద నుంచి పైకి, మళ్లీ కిందికి. మీ అమ్మాయి రోజూ ట్యూన్ చేసుకునేటప్పుడు మీ చెవిన పడే ఆ నాలుగు తీగలేనమ్మా. మొదటి పది బార్లు, అంటే తాళం ఆవర్తాల్లాంటివి, వాయించమనండి, పక్కన కూర్చుని వినండి, ఎలా అనిపించిందో మళ్లీ రాయండి.