తెరిస్తే తెల్లబడే ఫ్లిప్ ఫోను: డిస్‌ప్లే మార్చక్కర్లేదు

అన్నా, అమ్మగారి ఫ్లిప్ ఫోను సగం తెరిస్తే బొమ్మ కనిపిస్తోంది, పూర్తిగా తెరిస్తే తెల్లబడిపోతోంది, షాపులో డిస్‌ప్లే మార్చాలన్నారు అని రాశారు కదా. డిస్‌ప్లేకి తొందరపడి డబ్బులు పెట్టకండి. సగం తెరిచినప్పుడు బాగానే ఉందంటే తెర బతికే ఉంది, పోయింది స్ట్రిప్. మడత లోపల పై భాగాన్ని కింది బోర్డుతో కలిపే పల్చటి పట్టీ అది. తెరిచి మూసిన ప్రతిసారీ వంగి వంగి, కొన్నేళ్లకి అందులోని సన్నటి రాగి గీతలు చిట్లుతాయి.

నాది ఎనిమిదేళ్ల ఫోను. ఆరో ఏట అచ్చం ఇలాగే అయింది. చెవి స్పీకరు తీగలు కూడా ఆ పట్టీలోంచే వెళ్తాయి కాబట్టి మాట తెగి తెగి వినిపించేది. అమ్మగారికీ అలా ఉందేమో అడగండి. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒకబ్బాయి పాత ఫోనులోంచి తీసిన స్ట్రిప్ వేసిచ్చాడు, ఇప్పటికీ నడుస్తోంది. ఇచ్చేముందు నంబర్లన్నీ సిమ్‌లోకి కాపీ చేసుకోండి.

సిమ్ జియోకి మార్చాలనుకుంటున్నామని కూడా రాశారు. అది 2జీ ఫోను అయితే మాత్రం వద్దు, జియోకి 2జీ లేదు.