ముందు ఒక్క పోస్టర్ చదువు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

యూరప్‌లో తీవ్ర మితవాద (ఫార్ రైట్) పార్టీలు వలసల్ని దేశభద్రతకు ముప్పుగా ఎలా చూపిస్తాయో వ్యాసం రాస్తున్నానని, లెక్కలన్నీ పోగేసినా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశావు. ఆ లెక్కలు కాసేపు పక్కన పెట్టు. ఒక్క పోస్టర్ ముందు పెట్టుకుని కూర్చో.

2016 జూన్ 16న బ్రిటన్‌లో యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటపడాలనే యూకిప్ పార్టీ నాయకుడు నైజెల్ ఫరాజ్ విడుదల చేసిందే తీసుకో. మెలికలు తిరుగుతూ సాగే మనుషుల బారు, దాని మీద పెద్దక్షరాల్లో ‘బ్రేకింగ్ పాయింట్’. ఫోటో తీసింది 2015లో, స్లొవేనియాలో. అందులో ఉన్నది శరణార్థులు. వాళ్లు నడుస్తున్నది బ్రిటన్ సరిహద్దు దగ్గర కాదు, సరిహద్దు తనిఖీలు లేకుండా దేశాల మధ్య తిరగనిచ్చే షెంజెన్ ఒప్పందంలో బ్రిటన్ లేదు కూడా. వారం తర్వాత జనం ఓటెయ్యబోయేదేమో ఈయూలో ఉండాలా వద్దా అని. ఆ బారుకీ ఈ ఓటుకీ సంబంధమేమిటో పోస్టర్ చెప్పదు. చూసేవాడే భయపడి కలుపుకుంటాడు. అబద్ధం చెప్పారని నిరూపించబోతే అందుకే నీ చేతికి ఏమీ దొరకదు. 2018లో హంగేరీ ప్రభుత్వం అదే ఫోటో మీద ‘స్టాప్’ గుర్తు వేసి వాడుకుంది!

తర్వాత చూడాల్సింది, ఆ మాట ఎవరి చెవిన పడాలని అన్నారో. 2015లో అదే ప్రభుత్వం ఊరూరా బోర్డులు పెట్టింది: హంగేరీకి వస్తే హంగేరియన్ల ఉద్యోగాలు లాక్కోకూడదని. రాసింది హంగేరియన్‌లో! వచ్చేవాళ్లలో ఆ భాష చదవగలిగేది ఎవరు? కూతుర్ని తిట్టి కోడలికి బుద్ధి చెప్పడం మనకు తెలియని విద్యేం కాదుగా.

భద్రత గురించి సిద్ధాంతాలు రాసిన పండితులు ఓలె వేవర్, బారీ బుజాన్‌లను చదివానన్నావు. వాళ్ల సిద్ధాంతాన్ని పేజీలకు పేజీలు ఎక్కించకు. ఒకదాన్ని ప్రాణగండమని ఒప్పించగలిగితే, మామూలు రోజుల్లో కుదరని పనులకూ జనం తలూపుతారు, అంతే. కాబట్టి ప్రతి ప్రసంగం చివర ఏం అడుగుతున్నారో చూడు. హంగేరీలో 2016లో దేశమంతటా ‘సామూహిక వలసల సంక్షోభం’ ప్రకటించి, ఆరేసి నెలల చొప్పున ఏళ్ల తరబడి పొడిగిస్తూ పోయారు. స్విట్జర్లాండ్‌లో 2009లో మినార్లను క్షిపణుల్లా గీసిన పోస్టర్లు వేశారు. అప్పటికి ఆ దేశంలో ఉన్న మినార్లు నాలుగే. అయినా కొత్తవి కట్టకూడదని 57.5 శాతం మంది ఓటేశారు.

ఒక హెచ్చరిక. ఎదుటివాళ్ల వాదనలో నిజం ఉన్నచోట దాటెయ్యకు. 2015 నవంబరు పారిస్ దాడులు చేసినవాళ్లలో కొందరు శరణార్థుల మధ్య కలిసి గ్రీస్ మీదుగా వచ్చినవాళ్లే. నువ్వు రాయకపోతే చదివేవాళ్లు నిన్ను నమ్మరు. రాశాక, కొందరు చేసినదాన్ని బారు మొత్తానికి ఎలా అంటగట్టారో చూపించు. అసలు పని అక్కడుంది.

ఇక నీ భాష. నీ ఉత్తరంలోనే ‘శరణార్థులు వెల్లువెత్తారు’ అని రెండుచోట్ల ఉంది. నవ్వుకున్నాను, ఎందుకంటే పత్రికలో పనిచేసిన రోజుల్లో ‘వలసల వరద’ అని హెడ్డింగ్ పెట్టి, బాగా కుదిరిందని మురిసిపోయిన ఘనుణ్ని నేను. వరదనేసరికి ఎవడైనా గట్టు కట్టమనే అంటాడు. ఆ పార్టీల పని నేనే సగం చేసిపెట్టానని అప్పుడు తట్టలేదు.

చిత్తుప్రతి పంపే ముందు ఆ రెండు మాటలూ తీసెయ్యి. ఎంతమంది వచ్చారో అంకె వేస్తే చాలు.

ఉంటాను,
మీ పెదనాన్న