రఘుకి, డచ్–పోర్చుగీసు పని గురించి

చి. రఘుకి పెద్దమ్మ ఆశీస్సులు.

డచ్ నుంచి పోర్చుగీసులోకి ఎనర్జీ పత్రాలు అనువదించేవాళ్లను వెతికే పని నీ నెత్తిన పడిందని మీ అమ్మ చెప్పింది. మా వృత్తిలోకే వచ్చావని సంబరపడ్డాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

పేర్లు ఎక్కడ దొరుకుతాయో నీకు తెలుసు: అనువాదకులు తమ పేర్లు పెట్టుకునే ప్రోజ్ సైటు, అనువాదకుల సంఘాల జాబితాలు. పోర్చుగల్‌కా, బ్రెజిల్‌కా అన్నది ముందే తేల్చుకో. ఎనర్జీ అన్న మాట చూసి మోసపోకు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ గ్యాస్ పత్రాలు చేసినాయన సముద్రంలో గాలిమరల దగ్గర తడబడొచ్చు.

నా భయం వేరే ఉంది. ఈ రెండు భాషలూ నేరుగా వచ్చినవాళ్లు తక్కువ. దొరక్కపోతే కొన్ని ఏజెన్సీలు చెప్పాపెట్టకుండా మధ్యలో ఇంగ్లీషును దూరుస్తాయి. ఒకసారి మాకు పవన విద్యుత్ పెట్టుబడి పత్రం అలాగే వచ్చింది, పోర్చుగల్ వాళ్ల కోసం. డచ్‌లో ‘మిల్యార్డ్’, అంటే వంద కోట్లు. ఇంగ్లీషులో ‘బిలియన్’ అయింది, అంతవరకూ బాగానే ఉంది. అక్కణ్ణుంచి పోర్చుగీసు చేసినాయన ‘బిలియావ్’ అని రాసేశాడు. పోర్చుగల్‌లో అది లక్ష కోట్లు! వంద కోట్లకు వాళ్లు ‘మిల్ మిల్యోయిష్’ అంటారు. బ్రెజిల్‌లో ఇంచుమించు అదే పలుకుకి వంద కోట్లే, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. 1,000 రెట్లు తేడా, పైగా ఆ ఏజెన్సీ ‘అక్షరదోషం’ అని సర్దిచెప్పబోయింది. ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దశాంశాలూ అంతే. డచ్, పోర్చుగీసు రెండింట్లోనూ చుక్క బదులు కామాయే. డచ్‌లో 1,250 మెగావాట్లంటే ఒకటింపావు, ఇంగ్లీషు కళ్లతో చూస్తే పన్నెండు వందల యాభై.

అందుకని ‘నేరుగా డచ్ నుంచే’ అని ఒప్పందంలో రాయించు. పోర్చుగీసు మాతృభాష అయినవాళ్లకే ఇవ్వు. అర పేజీ పరీక్ష పెట్టు, అందులో ‘ఫర్మోఖెన్’ అన్న డచ్ మాట ఉండనీ. దానికి విద్యుత్ సామర్థ్యమనీ అర్థమే, ఆస్తి అనీ అర్థమే. ట్రాన్స్‌ఫార్మర్ ‘ఆస్తి’ అని రాసినవాళ్లకు దణ్ణం పెట్టెయ్. పరీక్షకి డబ్బివ్వడం మరవకు, ఊరికే చేయించుకోవడం మన ఇంటావంటా లేదు. అనువాద సేవల ప్రమాణం ఐఎస్ఓ 17100 ప్రకారం రెండో మనిషి మూలంతో పోల్చి చూడాలి, ఆ మనిషికీ డచ్ రావాలి. పదాలకి తగువొస్తే యూరోపియన్ యూనియన్ వాళ్ల ‘ఐయాటే’ పదకోశం చూడు; వాళ్ల ఎనర్జీ చట్టాలు ‘యూర్-లెక్స్’ సైటులో రెండు భాషల్లోనూ పక్కపక్కన దొరుకుతాయి.

తిండి మానేసి కూర్చోకు నాయనా. గడువు రాత్రి మాత్రం నాకు పంపి చూడమనకు. రెండు రోజుల ముందు పంపు, కనీసం అంకెలు నేను చూస్తాను.

పెద్దమ్మ