మీటరు తిప్పిన కారు: మీ కేసుకు పూజ నాటి ఫొటోయే ప్రాణం

ప్రశ్న: హన్మకొండలో విత్తనాల దుకాణం నడుపుకుంటున్నాను. నన్ను పెద్ద విదేశీ కారులో చూడాలని మా నాన్నగారు పోయేదాకా అంటుండేవారు. ఆ కోరిక కోసమే 2023 జూన్ 22న హైదరాబాద్‌లోని ఒక పాత కార్ల డీలరు వద్ద 31 లక్షల రూపాయలకు సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఫోర్ వీల్ డ్రైవ్ కారు కొన్నాను. అందులో 25 లక్షలు బ్యాంకు లోను ద్వారా, 6 లక్షలు నగదుగా ఇచ్చాను. 48 వేల కిలోమీటర్లే తిరిగిందని చెప్పారు. మరునాడు శుక్రవారం భద్రకాళి గుడి వద్ద పూజ చేయించి ఫొటోలు దిగాం. ఆరు నెలలు తిరగకముందే ఎయిర్ సస్పెన్షన్, ఆ తర్వాత కంప్రెసర్, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే భాగం) పోయాయి. రిపేర్లకే 7 లక్షలు దాటింది. గత ఏడాది మేడారం జాతరకు వెళ్తుంటే దారిలోనే ఆగిపోయి బంధువుల ముందు పరువు పోయింది. మొన్న ఫిబ్రవరిలో కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే, 2022 నవంబరు నాటికే ఈ బండి లక్షా 4 వేల కిలోమీటర్లు తిరిగినట్టు తమ కంప్యూటర్‌లో ఉందన్నారు. డీలరు ‘సర్దుబాటు చేద్దాం’ అంటూ రోజులు గడుపుతున్నాడు. ‘ఉన్నది ఉన్నట్టుగా’ తీసుకుంటున్నానని నా చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆర్‌సీ దుకాణం పేరు మీద ఉంది. పోలీసు కేసు పెట్టమని కొందరు, మీటరులో 67 వేలే ఉంది కనుక ఆ లెక్కనే ఎవరికైనా అమ్మేయమని కొందరు చెబుతున్నారు. నా డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: మీరు పంపిన ఉత్తరంలో ఎక్కువ భాగం రిపేర్ల గురించి, బంధువుల ముందు జరిగిన అవమానం గురించి ఉంది. వాటిలో ఏదీ మీ కేసును తేల్చదు. 2022 నవంబరు నాటికే లక్షా 4 వేల కిలోమీటర్లు తిరిగిన బండిని 2023 జూన్‌లో 48 వేల కిలోమీటర్ల బండిగా మీకు అమ్మారన్న ఒక్క మాట మీదనే కేసు మొత్తం నిలబడి ఉంది, అయితే ఆ మాటకు మీ చేతిలో ఇప్పటివరకు ఒక్క కాగితం కూడా లేదు.

రిపేర్ల ఖర్చు ఎందుకు పనికిరాదో ముందుగా చెప్పాలి. ఇలాంటి బండిని ఎత్తి నిలబెట్టేది స్ప్రింగులు కాదు, గాలి నింపిన రబ్బరు బెలూన్లు. వయసు మీరేకొద్దీ ఆ రబ్బరు పగిలి గాలి వదులుతుంది, ఆ లోటు పూడ్చడానికి కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి కాలిపోతుంది. పొద్దున లేచి చూసేసరికి బండి ఒక మూల కిందికి వాలి ఉన్న నాడే బెలూన్ మార్పించి ఉంటే కంప్రెసర్ మిగిలేదేమో. టైర్లు నాలుగూ ఒకే మోతాదులో అరిగి ఉండకపోతే ట్రాన్స్‌ఫర్ కేసు మీద, డిఫరెన్షియల్ (ఎడమ, కుడి చక్రాలకు శక్తిని పంచే గేర్లు) మీద భారం పడుతుంది. కొన్న ధర పాత బండిదే అయినా విడిభాగాల ధర కొత్త బండిదే. ఇదంతా ఈ తరగతి కార్ల స్వభావం కాబట్టి, ‘అరుగుదల సహజం’ అని డీలరు తరఫు న్యాయవాది ఒక్క వాక్యంలో అంటే, మీ ఫిర్యాదును విచారించే వినియోగదారుల కమిషన్ ఒప్పుకునే అవకాశమే ఎక్కువ. అయితే అదే అరుగుదలను లక్ష దాటిన కిలోమీటర్లకు ముడిపెట్టి చూపగలిగిన నాడు, ఈ రిపేర్లే డీలరు మాట అబద్ధమని చెప్పే సాక్ష్యంగా మారతాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. డీలరు 48 వేలని నోరు తెరిచి, రాసి చెప్పాడా, లేక మీటరు చూపించి ఊరుకున్నాడా? భారత కాంట్రాక్టు చట్టం 1872లోని 17, 19 సెక్షన్ల ప్రకారం మోసంతో పొందిన సమ్మతిని మీరు రద్దు చేసుకోవచ్చు, కానీ అవతలి వ్యక్తి కేవలం మౌనంగా ఉండి మోసగించినా, తెలియక తప్పు చెప్పినా, మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలు మీకు ఉంటే ఆ హక్కు ఉండదు. ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఒక్క రోజులో నిజం తెలిసేదని డీలరు తప్పకుండా వాదిస్తాడు. 31 లక్షలు పెడుతూ ఆ ఒక్క పని మీరు ఎందుకు చేయలేదో నాకు అర్థం కాలేదు. తెలిసి తెలిసి చెప్పిన అబద్ధానికి మాత్రం ఈ మినహాయింపు వర్తించదు. అందుకే డీలరు పెట్టిన ప్రకటన, వాట్సాప్‌లో పంపిన వివరాలు, డెలివరీ నోటు మీద రాసిన అంకె మీకు అంత ముఖ్యం. వినియోగదారుల రక్షణ చట్టం 2019 మీకు ఇంకా అనుకూలమైనది, ఎందుకంటే సరుకు నాణ్యత గురించి తప్పుడు ప్రకటన చేయడాన్నే సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతిగా చెబుతుంది. ఆ దారిలో, మీటరు ఎవరి చేయి తిప్పిందో నిరూపించే భారం ప్రధానంగా మీ మీద పడదు. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న సంతకం గురించి దిగులు పడకండి, అది కంటికి కనిపించే లోపాలకు అడ్డుపడవచ్చు గానీ అబద్ధానికి రక్షణ కాదు.

గుడి వద్ద పూజ గురించి మీరు మనసు బరువుతో రాసిన ఒక వాక్యం నాకు మీ ఉత్తరమంతటిలో అన్నింటికంటే విలువైనదిగా కనిపించింది. పూజ నాటి ఫొటో నకలు జతచేశారు. స్టీరింగు మీద బంతిపూల దండ, దాని సందులోంచి వెలుగుతున్న డ్యాష్‌బోర్డు, అందులో 48,236 అన్న అంకె స్పష్టంగా ఉన్నాయి. బండి చేతికి వచ్చిన మరునాడే మీటరు ఎంత చూపిందో చెప్పే సాక్ష్యం అది, ఆ తర్వాత మీరే మీటరు మార్చారని డీలరు అనడానికి వీలు లేకుండా చేసేది కూడా అదే. ఆ ఫొటో మీ అబ్బాయి ఫోన్‌లో తీసిందని రాశారు. దయచేసి దాన్ని వాట్సాప్‌లో అటూ ఇటూ పంపి, ఆ నకలునే అసలుగా చూపకండి. అలా పంపిన ఫొటోలో తీసిన తేదీ, సమయం చెరిగిపోతాయి. అసలు ఫైలు ఉన్న ఫోనునే భద్రపరచాలి. భారతీయ సాక్ష్య అధినియమం 2023లోని సెక్షన్ 63 కోరే సర్టిఫికెట్‌లో ఆ ఫోన్ వాడే మీ అబ్బాయి, ఒక నిపుణుడు సంతకాలు చేయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య నియమాలను సివిల్ కోర్టు అంత కఠినంగా పట్టుకోకపోయినా, ఆ సర్టిఫికెట్ లేదన్న అభ్యంతరానికి ఎదుటి పక్షానికి చోటివ్వడం తెలివైన పని కాదు.

సర్వీస్ సెంటర్ వారు నోటితో చెప్పిన మాట సాక్ష్యం కాదు. ఛాసిస్ నంబరు రాసి, ప్రతి సర్వీసు తేదీ, ఆ రోజు మీటరు రీడింగు ఇమ్మని అర్జీ పెట్టి, దాని మీద ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. ఇవ్వకపోతే కమిషన్ ద్వారా ఆ రికార్డు తెప్పించుకోవచ్చు, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 ప్రకారం పత్రాలు తెప్పించడంలో దానికి సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి, పాత యజమాని బండిని డీలరుకు అప్పగించిన సంగతి ఫామ్ 29సీ ద్వారా నమోదు కావాలి. ఆ వివరం దొరికితే బండి ఏ తేదీ నుంచి డీలరు చేతిలో ఉందో తేలుతుంది. ‘నన్నూ పాత యజమానే మోసం చేశాడు’ అన్న జవాబు రాక తప్పదు కాబట్టి ఇది ముందే చేతిలో ఉండాలి.

రిపేర్ల విషయంలో మాత్రం మిమ్మల్ని మందలించక తప్పదు. 7 లక్షలు ఖర్చు పెట్టి, బిల్లులు 1 లక్షా 90 వేలకే ఉన్నాయని రాశారు. తీసేసిన కంప్రెసర్‌ను, బెలూన్లను మెకానిక్ దగ్గరే వదిలేశారు. అవి ఉంటే నిపుణుడు పరిశీలించి ఎన్ని కిలోమీటర్ల అరుగుదలో చెప్పగలిగేవాడు. బిల్లు లేని ఖర్చును కమిషన్ మీకు ఇప్పించడం కష్టం. ఇప్పుడు మెకానిక్ చేత పాత తేదీలతో బిల్లులు రాయించుకునే ఆలోచన మీకు వచ్చి ఉంటే, ఇక్కడితో మానుకోండి. ఒక్క దొంగ బిల్లు బయటపడితే మీ నిజమైన ఫొటోను కూడా ఎవరూ నమ్మరు.

కాలపరిమితి మిమ్మల్ని తరుముకొస్తోంది. అదే చట్టం సెక్షన్ 69 ప్రకారం వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయడానికి కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లే గడువు. మోసం బయటపడిన 2025 ఫిబ్రవరి నుంచి లెక్కించాలని మనం వాదించవచ్చు, కానీ ఆ వాదన మీద ఆధారపడి ఆగడం అనవసరమైన జూదం. డెలివరీ తేదీ నుంచి లెక్కించుకుంటే 2025 జూన్ 22తో గడువు తీరుతుంది, అది ఆదివారం. 20వ తేదీ శుక్రవారం లోపే ఫిర్యాదు దాఖలై ఉండాలి. డీలరు ‘చూద్దాం’ అన్న మాటలు, మీరు పంపే నోటీసులు గడువును ఒక్క రోజు కూడా పొడిగించవు. ఆయన నెలల తరబడి తీపి మాటలతో నెట్టుకొస్తున్నది కూడా అందుకే కావచ్చు.

ఫిర్యాదు కోసం హైదరాబాద్ వెళ్లనక్కర లేదు. మీరు నివసించే చోటే వేసుకునే హక్కు ఉంది, చెల్లించిన ప్రతిఫలం (కొన్న ధర) 50 లక్షలు దాటలేదు కనుక వరంగల్ జిల్లా కమిషన్ సరిపోతుంది. ఫీజు 1,000 రూపాయలు. నగదుగా ఇచ్చిన 6 లక్షలు దాచకండి. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఒక లావాదేవీలో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకున్నవారికే జరిమానా, అయితే ఆ డబ్బు ఎక్కడిదో మీ లెక్కల్లో కనబడాలి. ఆర్‌సీ దుకాణం పేరున ఉందని, వ్యాపార అవసరానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారుడే కాదని అడ్డు చెబుతారు. కంపెనీ తన డైరెక్టర్ సొంత వాడకానికి కొన్న కారు వాణిజ్య అవసరం కిందికి రాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ తీర్పు మీకు ఆసరా. కానీ దుకాణం లెక్కల్లో ఈ కారు మీద తరుగుదల (ఏటా తగ్గే విలువను వ్యాపార ఖర్చుగా రాసుకోవడం) చూపించి ఉంటే ఆ సంగతి ముందే మీ న్యాయవాదికి చెప్పండి, ఎదుటివారు చూపినప్పుడు ఆయనకు తెలియడం మంచిది కాదు.

అదే మీటరుతో అమ్మేయమన్న సలహా అన్నింటికంటే ప్రమాదకరం. నిన్నటి వరకు మీరు మోసపోయిన మనిషి, బండి నిజంగా ఎంత తిరిగిందో తెలిసి కూడా 67 వేలని చెప్పి అమ్మిన క్షణం నుంచి మీరే మోసగాడు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. పైగా మీ కేసుకు ముఖ్యమైన సాక్ష్యం బండే, దాన్ని చేయి దాటిస్తే నిపుణుడు దేన్ని పరీక్షించాలి? కొనేవారు మీలాగే ఒకరి కోరిక తీర్చడానికి వచ్చిన వారై ఉంటారని కూడా ఒక్కసారి ఆలోచించండి. లోను వాయిదాలు కట్టడం ఆపేసినా ఇబ్బందే. బ్యాంకుతో మీ ఒప్పందం వేరు, డీలరు చేసిన తప్పు దానికి వర్తించదు.

పోలీసు ఫిర్యాదుకు అడ్డేమీ లేదు. అమ్మకం 2024 జూలై 1కి ముందు జరిగింది కాబట్టి అది న్యాయ సంహితకు ముందున్న పాత శిక్షాస్మృతి (ఐపీసీ) సెక్షన్ 420 కిందికి వస్తుంది. అయితే ఇది సివిల్ తగాదా అని స్టేషన్‌లో పక్కన పెడితే గడువులో మీకు మిగిలిన రెండు నెలలూ అక్కడే కరిగిపోతాయి. ముందు కమిషన్‌లో ఫిర్యాదు, ఆ తర్వాతే స్టేషన్.

ఇరవై రెండు నెలలు వాడి, 19 వేల కిలోమీటర్లు తిరిగిన బండికి మొత్తం డబ్బు వాపసు వస్తుందని మీకు మాట ఇవ్వలేను. మొదటి కోరికగా బండి తిరిగి తీసుకుని సొమ్ము ఇప్పించమనండి, అది కాకపోతే ప్రత్యామ్నాయంగా, కొన్ననాటికి 48 వేల కిలోమీటర్ల బండికీ లక్ష దాటిన బండికీ ఉన్న ధర తేడాను, బిల్లులున్న రిపేర్ల ఖర్చును, పరిహారాన్ని అడగండి. ధర తేడాకు లైసెన్సు ఉన్న వాహన సర్వేయరు నివేదిక తీసుకోండి. డీలరుకు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు ఈ వారమే వెళ్లాలి. అప్పటిదాకా బండిని స్కానర్ పెట్టి లోపాల కోడ్‌లు చెరిపే ఏ గ్యారేజీకీ ఇవ్వకండి. మీ అబ్బాయి కొత్త ఫోన్ కొనాలనుకుంటున్నట్టు ఉత్తరం చివర్లో యథాలాపంగా రాశారు. కొననివ్వండి, కానీ ఆ పాత ఫోన్ ఎక్స్‌చేంజ్‌లో పోకుండా ఈ రోజే మీ బీరువాలో పెట్టండి.