చేసిందెవరు, చేయించిందెవరు

అమ్మాయీ,

స్పానిష్ కథకి నువ్వు చేసిన పది పేజీల ఇంగ్లీషు అనువాదం మొన్న రాత్రి ఒకసారి, నిన్న పొద్దున ఇంకోసారి చదివాను. కథ బాగా ఎంచుకున్నావు, ఇంగ్లీషూ శుభ్రంగా ఉంది. కానీ రెండోసారి పెన్సిల్ పట్టుకుని ‘మేడ్’ అన్న మాట కింద గీతలు గీసుకుంటూ పోతే ఇరవై ఏడు తేలాయి. స్పానిష్‌లో ‘ఆసేర్’ (చేయడం, చేయించడం రెండూ అదే) కనబడిన ప్రతిచోటా నువ్వు ‘మేక్’ పెట్టేశావు. కంగారు పడకు. కొత్తలో నేనూ అదే చేశాను, పైగా డబ్బు తీసుకుని చేశాను.

అప్పట్లో ఒక ఇన్సూరెన్స్ క్లెయిమ్ కాగితాలు నా దగ్గరికి వచ్చాయి. స్పానిష్ మాట్లాడే పేషెంటు ఇచ్చిన స్టేట్‌మెంట్. అందులో ‘ఎల్ మేదికో మే ఇసో కితార్మే లా కమీసా’ అని ఉంది. ఆ ‘ఇసో’ ఆసేర్‌కి భూతకాలం. ‘ది డాక్టర్ మేడ్ మి టేకాఫ్ మై షర్ట్’ అని రాసి పంపాను. వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది, ‘ఇది డాక్టరు మీద కంప్లయింటా?’ అని. నాకు చెమటలు పట్టాయి. పాపం ఆ మనిషి చెప్పింది ‘డాక్టరుగారు చొక్కా విప్పమన్నారు’ అని, అంతే. ఛాతీ పరీక్ష చేయాలంటే విప్పాలి కదా. ఇంగ్లీషులో ‘మేడ్ మి’ అన్నావంటే వద్దంటున్నా వినకుండా చేయించినట్టు ఉంటుంది. ‘హ్యాడ్ మి టేకాఫ్ మై షర్ట్’ అని రాయాల్సింది. ‘ఆస్క్‌డ్ మి టు’ అన్నా ఏ గొడవా ఉండేది కాదు.

ఆసేర్‌లో బలవంతం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. స్పానిష్ చదివేవాడు సందర్భాన్ని బట్టి సర్దుకుంటాడు. ఇంగ్లీషు మాత్రం ముందే తేల్చమంటుంది. ఎదుటివాడికి ఇష్టం లేకపోయినా చేయిస్తే మేక్. చెబితే చేసేవాళ్లయితే, అది వాళ్ల పనే అయితే హ్యావ్. బతిమాలో నచ్చజెప్పో చేయిస్తే గెట్. అడ్డుపడకుండా ఊరుకుంటే లెట్. స్పానిష్‌లో ‘లోగ్రార్ కే’, ‘కొన్సెగీర్ కే’ (ఫలానాది జరిగేలా సాధించడం) అని వచ్చి వెనకాలే సబ్‌జంక్టివ్ అనే ప్రత్యేక క్రియారూపం కనబడితే, ఎవరో ఎవరినో ఒప్పించడానికి కష్టపడ్డారన్నమాట. అక్కడ గెట్ చాలావరకు కుదురుతుంది. నీ రెండో పేజీలో తాతగారు మందు వేసుకునేలా మనవరాలు ఎంత తంటాలు పడిందో కథంతా అదే కదా. దాన్ని కూడా ‘మేడ్’ అనేస్తే ఆ పిల్ల పడిన అవస్థంతా ఎగిరిపోయింది. (మూడో పేజీలో ‘మేడ్ హిమ్ టు సిట్’ అని రాశావు. ఆ ‘టు’ మన దేశపు ఇంగ్లీషు. తీసెయ్. ‘హి వాజ్ మేడ్ టు సిట్’ అన్నప్పుడు మాత్రం ఉండాలి.)

ఇందులో తెలుగువాళ్లకి ఒక సౌకర్యం ఉంది, దాన్ని వాడుకో. చార్మినార్‌ను 1591లో కులీ కుతుబ్ షా కట్టాడని పుస్తకంలో రాయం, కట్టించాడనే రాస్తాం. కట్టాడంటే ‘తాపీ మేస్త్రీలు కట్టార్రా’ అని ఏ కుర్రాడో వెక్కిరిస్తాడు. స్పానిష్‌లోనూ స్పెయిన్ రాజు రెండో ఫెలిపె మాడ్రిడ్ దగ్గరి రాజభవనం, మఠం కలిసిన ఎల్ ఎస్కొరియాల్‌ను ‘మందో కొన్‌స్త్రుయీర్’ అంటారు, కట్టమని ఆజ్ఞాపించాడని. 1563లో మొదలై 1584 దాకా సాగిన పని అది. నీ ఇంగ్లీషులో ‘ఆర్డర్డ్ టు కన్‌స్ట్రక్ట్’ అని ఉంటే ఎర్రసిరా పడుతుంది. ‘బిల్ట్’ చాలు. రాజు రాళ్లు మోశాడని ఇంగ్లీషువాడు అనుకోడు. కట్టించిన సంగతే ముఖ్యమైన చోట ‘హ్యాడ్ ఇట్ బిల్ట్’.

అయితే స్పానిష్‌వాడు ప్రతిసారీ ఇలా విడదీసి చెప్పడు. ‘మే కోర్తే ఎల్ పేలో’ అంటాడు, మాటకి మాట చూస్తే తన జుట్టు తనే కత్తిరించుకున్నట్టు. నిజానికి కటింగ్ చేయించుకుని వచ్చాడు. ‘మే సాకే ఊన మువేలా’ అన్నవాడు పన్ను పీకించుకున్నాడు, పటకారు పట్టుకున్నది వేరేవాళ్లు. మనం మాత్రం ‘ఇల్లు కట్టుకున్నాడు’ అనమా? వాళ్ల ‘సే ఇసో ఊన కాసా’ సరిగ్గా అదే. ఇలాంటివి ముందు తెలుగులో అనుకుని చూడు, ఎవరి చేయి పడిందో తేలుతుంది. తర్వాత ఇంగ్లీషులో ‘గాట్ ఎ హెయిర్‌కట్’, ‘హ్యాడ్ ఎ టూత్ పుల్డ్’. మొదటిదాంట్లో చేయించడమన్న క్రియే లేదు చూశావా?

నీ గీతల్లో సగానికి మందు అదే. ఒకడు నిన్ను గంటసేపు ఎదురుచూసేలా చేశాడంటే, అంటే ‘ఇసో ఎస్పెరార్’ అంటే, ఇంగ్లీషులో ‘కెప్ట్ మి వెయిటింగ్’. కాఫీ నిద్రపోనివ్వలేదంటే, అంటే ‘నో మే దెహో దోర్మీర్’ అంటే, ‘ది కాఫీ కెప్ట్ మి అప్’. వాన వల్ల మ్యాచ్ ఆగిపోయిందనడానికి స్పానిష్ ఒక పెద్ద వాక్యం కడుతుంది, వాన ఆగిపోయేలా చేసిందని. ఇంగ్లీషులో ‘రెయిన్డ్ ఆఫ్’ రెండే మాటలు. ఆఫీసులో ‘ఆగలో పసార్’ అంటే ‘లోపలికి పంపించండి’, ‘సెండ్ హిమ్ ఇన్’. స్పానిష్ చేయించినవాడి దగ్గర మొదలుపెడితే, ఇంగ్లీషు ఏం జరిగిందో ఆ పనికి తగిన క్రియ వెతుక్కుంటుంది.

‘ప్రొవోకార్’ (ఏదైనా కలిగించడం, రేపడం) జోలికి వెళ్లినప్పుడు జాగ్రత్త. సిగరెట్ పీక మంటని ప్రొవోక్ చేయదు, ‘స్టార్టెడ్ ది ఫైర్’. అదే మాట కొలంబియాలోనో పెరూలోనో వింటే ఇంకో లోకం. ‘తె ప్రొవోకా ఊన్ కఫే?’ అంటే కాఫీ తాగాలనిపిస్తోందా అని. మన ‘అనిపించు’ కూడా ‘అను’కి ‘ఇంచు’ తగిలిస్తే వచ్చిందే కదా, నాకు ఇది తట్టిన రోజు ఎంత సరదా వేసిందో! ఇంగ్లీషు మాత్రం ‘డూ యు ఫీల్ లైక్ ఎ కాఫీ’ అని తాగేవాడి వైపు తిరిగిపోతుంది. ‘మే ద మియేదో’ అంతే. నాకు భయమేస్తోంది, ‘ఐయామ్ స్కేర్డ్’. ‘గివ్స్ మి ఫియర్’ అని మాత్రం ఇక రాయకు తల్లీ.

ఇక తొమ్మిదో పేజీ. ‘లే ఇసో ఎస్క్రిబీర్ ఊన కార్తా’. దీన్ని నువ్వు ‘షి మేడ్ హిమ్ రైట్ ఎ లెటర్’ అన్నావు. వ్యాకరణం తప్పేమీ కాదు. కానీ ఆ ‘లే’ (‘అతన్ని’ అనీ కావచ్చు, ‘అతనికి’ అనీ కావచ్చు) రెండు రకాలుగా పలుకుతుంది. తల్లి కొడుకుచేత ఉత్తరం రాయించిందా, కొడుక్కి ఉత్తరం రాయించిందా? తెలుగులో రాయబోతే ‘చేత’నో ‘కి’నో పెట్టక తప్పదు, అక్కడే చేయి ఆగుతుంది. నీ చేయి ఎందుకు ఆగలేదంటే స్పానిష్‌నుంచి నేరుగా ఇంగ్లీషులోకి దూకావు. నాలుగో పేజీకి వెళ్లి మళ్లీ చూడు. ఆవిడకి చదువు రాదు, కొడుకు అప్పటికే ఓడ ఎక్కేశాడు.

ఆశీస్సులతో