జూనియర్ అనలిస్టుకు లండన్ బ్యాంకులు వీసా స్పాన్సర్ చేస్తయా?

ప్రశ్న అడిగిన తమ్మునిది మిర్యాలగూడ. హైదరాబాద్‌లో ఒక ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో రెండేండ్లుగా అనలిస్టు. లండన్‌కో సింగపూర్‌కో పోవాలని ఉన్నదట. "స్పాన్సర్‌షిప్ కావాలంటే జూనియర్లను ఎవరన్నా తీసుకుంటరా, లేకుంటే అప్పు చేసి మాస్టర్స్‌కు పోవుడే దారా?" అని అడిగిండు. నాది దేవరకద్ర దిక్కు ఊరు. హైదరాబాద్ రాయదుర్గంలో ఇదే పని చేసి, అదే బ్యాంకు నుంచి లండన్ వచ్చిన. అందుకే గట్టిగనే చెప్తున్న.

తీసుకుంటరు. కానీ నువ్వున్న బ్యాంకు నుంచే పో తమ్ముడూ, ఇంకో దిక్కు చూడకు. మాస్టర్స్ ముచ్చట మనసులకెళ్లి తీసెయ్.

బయటి నుంచి అప్లై చేస్తే ఏమైతదో నేను చూసిన. ప్రతి ఫారంలో ఒక ప్రశ్న ఉంటది: ఇప్పుడు గానీ ముందు ముందు గానీ వీసా స్పాన్సర్‌షిప్, అంటే కంపెనీ పూచీ మీద పని వీసా, అవసరమా అని. అవునని పెట్టినంక చానా చోట్ల మన సీవీ మనిషి కంటికి కూడా పోదు. ఒక చిన్న అడ్వైజరీ సంస్థ మాత్రం నన్ను ముందుకు తీసుకపోయింది. కంపెనీ లెక్కలు కట్టి చూపే మోడలింగ్ టెస్ట్ ఇచ్చిన్రు. శనివారం పొద్దంతా కూసొని మూడు ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్లు కలిపి, కంపెనీ విలువ తేల్చే డీసీఎఫ్ లెక్క కట్టి పంపిన. పార్ట్‌నర్లతోని మాట్లాడుడు కూడా అయింది. ఆఖరుకు హెచ్‌ఆర్ ఆమె ఫోన్ చేసి "మాకు స్పాన్సర్ లైసెన్స్ లేదు, నీకు అవసరమని మాకు తెల్వదు" అన్నది. ఫారం మొదటి పేజీలోనే అవునని పెట్టిన. మనిషితో అంత పని చేయించుకునే ముందు మనిషి రాసిన ఫారం చదవాలె, అది కనీస మర్యాద. ఆ మాటే వాళ్లకు మెయిల్ రాసిన, జవాబు రాలేదు. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో లైసెన్స్ ఉన్న స్పాన్సర్ల జాబితా ఎవరైనా చూసుకోవచ్చు. ఆ కంపెనీ పేరు అందులో లేకుంటే టెస్ట్ రాయకు.

లోపల ఉన్నోళ్లకు ఎందుకు సులువంటే, పైసలు పెట్టేటోనికి మన పని ముందే తెల్సు. 2025 డిసెంబర్ నుంచి బ్రిటన్‌లో పెద్ద కంపెనీ స్పాన్సర్ చేసిన ఒక్కో ఉద్యోగి మీద ఏడాదికి 1,320 పౌండ్ల స్కిల్స్ చార్జ్ ప్రభుత్వానికి కట్టాలె. అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే ఆరోగ్య సర్‌చార్జ్ ఏడాదికి 1,035 పౌండ్లు. మూడేండ్ల వీసాకు ఈ రెండే కలిపి 7,065 పౌండ్లు, వీసా ఫీజు, లాయర్ ఫీజు వేరే. ముఖం తెల్వని పిల్ల మీద అంత పెట్టాల్నంటే ఎవరైనా వెనుకా ముందాడుతరు. ఏడాది పొడుగు నువ్వు చేసిన పిచ్‌బుక్కులు, అంటే ప్రెజెంటేషన్లు, తీసుకొని క్లయింట్ దగ్గరికి పోయిన వైస్ ప్రెసిడెంట్ అయితే ఆడడు. రాత్రి రెండు గంటలకు నువ్వు తిప్పి పంపిన కంప్స్ టేబుల్ (కంపెనీలను పోల్చే పట్టిక) ఆయనకు గుర్తుంటది.

అసలు నేను చెప్పాలనుకున్నది మాత్రం ట్రాన్స్‌ఫర్ దొరికినంక జరిగే సంగతి. అక్కడనే మనోళ్లు దెబ్బ తింటున్నరు.

నా లెటర్ వచ్చినప్పుడు సంతోషంతో అందరికీ చూపిచ్చిన. మా టీమ్‌లో సూర్యాపేట అక్క ఒకామె ఉండె. చదివి, జీతం దిక్కు చూడనే లేదు. వీసా పేరు మీద వేలు పెట్టి, "ఇది ఎవరు పెట్టమన్నరు నిన్ను?" అన్నది. అందులో ఉన్నది గ్లోబల్ బిజినెస్ మొబిలిటీ, సీనియర్ ఆర్ స్పెషలిస్ట్ వర్కర్. కంపెనీ లోపలి బదిలీలకు 2022 ఏప్రిల్‌లో వచ్చిన దారి. దానికంటే ముందు ఉన్న ఇంట్రా కంపెనీ ట్రాన్స్‌ఫర్ దారిలోనే అక్క పోయి, లండన్‌లో ఏండ్లకేండ్లు చేసి వాపస్ వచ్చింది. ఆ దారిలో గానీ ఇప్పటి ఈ బదిలీ వీసాలో గానీ ఉన్న కాలం అక్కడి శాశ్వత నివాసానికి లెక్కకు రాదు. 2010 ఏప్రిల్ నుంచి ఇదే రూలు. పిల్ల బడికి పోవుడు మొదలైనంక ఈ సంగతి తెలిసిందట. మామూలు పని వీసా, స్కిల్డ్ వర్కర్ అంటరు, అదైతే కాలం లెక్కకు వస్తది. శాశ్వత నివాసానికి ఉన్న 5 ఏండ్ల గడువును 10 చేస్తమని ప్రభుత్వం 2025లో ప్రతిపాదించింది. ఎంత చేసినా, లెక్కకు వచ్చే దారి, రాని దారి ఒకటి కావు.

హెచ్‌ఆర్ వాళ్లను అడిగితే ఏమంటరో తెల్సా? బదిలీ వీసాకు ఇంగ్లీష్ పరీక్ష అక్కర్లేదు, తొందరగ అయితది అంటరు. నిజమే. స్కిల్డ్ వర్కర్‌కు 2026 జనవరి 8 నుంచి బీ2 అనే పై మధ్య స్థాయి ఇంగ్లీష్ కావాలె. కానీ మన డిగ్రీ ఇంగ్లీష్ మీడియం అయితే ఎక్టిస్ సంస్థ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు, లేకుంటే పరీక్ష రాయొచ్చు. పొద్దుమాపు ఇంగ్లీష్‌లనే మెమోలు రాసేటోళ్లకు అదొక అడ్డమా? జీతం దిక్కు చూసినా బదిలీ వీసాకే ఎక్కువ కావాలె: 2025 జులై 22 నుంచి దానికి కనీసం 52,500 పౌండ్లు, స్కిల్డ్ వర్కర్‌కు 41,700. ఆ ఉద్యోగానికి ప్రభుత్వం పెట్టిన రేటు అంతకన్నా ఎక్కువుంటే ఆ రేటు. నీకు 26 నిండకుంటే కొత్తగ చేరేటోళ్ల సడలింపు ఉన్నది, 33,400 నుంచి మొదలైతది. అంటే మనం అడిగేదాంతోని బ్యాంకుకు నష్టమేమీ లేదు. వాళ్లకు అలవాటైన దారి అది, అంతే.

ట్రాన్స్‌ఫర్ సంగతి ఫోన్‌లో ఖరారు చేసుకోవాల్సిన రోజు నేను ఊర్లె ఉన్న. కురుమూర్తి జాతర, ఉద్దాల ఉత్సవానికని ఇంటికి పోయిన. రాత్రి తొమ్మిదిన్నర, లండన్‌లో సాయంత్రం నాలుగు. ఇంట్లో సిగ్నల్ దొరకదు, మిద్దె మీదికెక్కి మాట్లాడుతున్న. మా నాయిన పక్కన మంచం మీద కూసొని వింటున్నడు. ఇంగ్లీష్ రాదు, కానీ నా ముఖం చూస్తున్నడు. ఫోన్ పెట్టినంక అడిగిండు:

"అడ్వాన్స్ ఎంత ఇస్తున్నరు బిడ్డా?"

"అడ్వాన్స్ కాదు నాయినా, వీసా ఖర్చు మొత్తం వాళ్లే పెడ్తరు."

"పెట్టినోడు ఊకె పెట్టడు. మధ్యల ఇడిసిపెట్టి వస్తే ఎంత కట్టుమంటరు? కాయితం మీద రాసిన్రా?"

మా నాయిన వయసులో ఉన్నప్పుడు గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకొని కాలువల పనికి పోయినోడు. పాలమూరు లేబర్ అంటే దేశంలో కట్టలు, కాలువలు కట్టిన చేతులు. అడ్వాన్స్ తీరేదాంక మేస్త్రీని ఇడిసి వచ్చేటందుకు లేకుండె. పండుగకు రాలే, చావుకు రాలే. పని ఎన్ని నెలలు, దారి ఖర్చు ఎవరిది, మధ్యలో వస్తే బాకీ ఎట్ల లెక్కేస్తరు, ఈ మూడు అడగకుండ పోయినోడు ఆగమైతడని ఆయన అనుభవం. స్పాన్సర్‌షిప్ కూడా మేస్త్రీ అడ్వాన్స్ లెక్కనే ఉన్నదని ఆయనకు ఒక్క మాటకే అర్థమైంది. ఎంబీఏలు చదివినోళ్లం మాకు ఎవరూ చెప్పలే.

అక్కడనే కూసొని ఫోన్‌లో లెటర్ మళ్లా తెరిచిన. ఉన్నది. రెండేండ్ల లోపల మానేస్తే ఇమిగ్రేషన్ ఖర్చులన్నీ వాపస్ కట్టాలని ఒక క్లాజ్. అన్నీ అంటే ఏవి? తెల్లారి మెయిల్‌లో అడిగిన. స్కిల్స్ చార్జ్‌ను ఉద్యోగి దగ్గర వసూలు చేయొద్దని చట్టం ఉన్నది. ఉద్యోగి కోసం కంపెనీ తీసే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ ఫీజు, స్పాన్సర్ లైసెన్స్ ఫీజు కూడా స్కిల్డ్ వర్కర్ల దగ్గర తీసుకోవద్దని 2024 డిసెంబర్ 31 నుంచి రూలు వచ్చింది. వీసా ఫీజు, ఆరోగ్య సర్‌చార్జ్ మాత్రం ఒప్పందంలో రాసుకుంటే వాపస్ అడగొచ్చు. ఇదంతా వాళ్ల లాయరే జవాబులో ఒప్పుకున్నడు. క్లాజ్ మార్చిన్రు: ఆ రెండు ఖర్చులే, అవి కూడా నెలనెలా తగ్గేటట్టు. వీసా దారి కూడా స్కిల్డ్ వర్కర్‌కు మార్చిన్రు. ఎవరూ కోపం చెయ్యలే, ఎవరూ ఆఫర్ వాపస్ తీసుకోలే. అడిగితే పోతదేమో అన్న భయం మనకే ఉంటది, చిన్నప్పటి నుంచి సార్లను ప్రశ్న అడగనియ్యక పెంచిన భయం అది.

ఇక మాస్టర్స్ ఎందుకొద్దంటున్ననో విను. మా చిన్నాయిన కొడుకు పోయిండు. పట్టాదారు పాస్‌బుక్ పట్టుకొని బ్యాంకుకు పోతే వ్యవసాయ భూమి తాకట్టు తీసుకోం, ప్లాటో ఇల్లో చూపియ్యమన్నరు. 2002 సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అప్పు మొండికేస్తే ఆ చట్టం కింద జప్తు చెయ్యరాదు, అందుకే బ్యాంకులు దాని దిక్కు చూడవు. ఎకరాలకెకరాలు ఉన్న రైతుకు బిడ్డ చదువు కోసం అప్పు పుట్టదు, నూరు గజాల ప్లాటున్నోనికి పుడ్తది. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడని సంగతి. చివరికి నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన్రు. ఏడాది కోర్సు సెప్టెంబర్‌లో మొదలైతది. బ్యాంకుల సమ్మర్ ఇంటర్న్‌షిప్‌ల అప్లికేషన్లు అప్పటికే తెరుచుకొని ఉంటయి, ఊరు కుదురుకునేసరికి మూసుకుంటయి. చదువైనంక బ్రిటన్‌లో ఉండి పని చేసుకునే గ్రాడ్యుయేట్ వీసా రెండేండ్లు ఉండె, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేటోళ్లకు 18 నెలలే. ఆ తర్వాత మళ్లా అదే స్పాన్సర్‌షిప్ ప్రశ్న, ఈసారి నెత్తిమీద మిత్తి. దిల్‌సుఖ్‌నగర్‌లో బోర్డు పెట్టుకున్న కన్సల్టెన్సీలు ఈ 18 నెలల మాట చెప్పరు. చెప్తే కమీషన్ పోతది.

సింగపూర్ అడిగినవు. అక్కడ ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కు ఫైనాన్స్ రంగంలో 2025 నుంచి నెలకు కనీసం 6,200 సింగపూర్ డాలర్లు ఉండాలె, వయసుతో అది పెరుగుతది. దాని మీద కంపాస్ అని 40 పాయింట్లు తెచ్చుకోవాల్సిన లెక్క. అందులో ఒకటి, ఆ కంపెనీలో నీ దేశపోళ్లు ఎంతమంది ఉన్నరనేది. మనోళ్లు నిండిపోయిన టీమ్‌లో ఆ పాయింట్లు రావు. నన్నడిగితే లండనే. అమెరికా అని చుట్టాలు చంపుతరు, పెండ్లి సంబంధాలోళ్లు ఇంకా చంపుతరు. మార్చిలో హెచ్1బీ లాటరీ, దాని మీద 2025 సెప్టెంబర్‌లో కొత్త దరఖాస్తులకు పెట్టిన లక్ష డాలర్ల ఫీజు. జూనియర్ మీద అంత పెట్టే బ్యాంకును నాకు చూపియ్యుమను.

ఇంకోటి, బ్రిటన్‌కు స్పాన్సర్ లేకుండ పోయే ఒక సందు ఉన్నది. ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్: డిగ్రీ ఉండాలె, 18 నుంచి 30 ఏండ్లు, ఏడాదికి 3,000 వీసాలు, లాటరీ. పేరిచ్చుడు ఉచితం, వస్తే రెండేండ్లు ఎక్కడైనా పని చేయొచ్చు, ఖాతాలో 2,530 పౌండ్లు చూపియ్యాలె. పేరు ఇచ్చి పెట్టు, దాని మీదనే ఆశ పెట్టుకోకు, ఆ కాలం కూడా స్థిరనివాసానికి లెక్కకు రాదు.

ఉద్యోగం పోతే ఏమైతదో కూడా ఇప్పుడే తెల్సుకో. బ్యాంకు అక్కడ వీసాలు చూసే హోం ఆఫీస్‌కు చెప్పినంక వీసాను మామూలుగ 60 రోజులకు కుదిస్తరు, ఆ లోపల ఇంకో స్పాన్సర్ దొరకాలె. అందుకే కిరాయి ఒప్పందంలో మధ్యలో ఖాళీ చేసే వెసులుబాటు రాయించుకో, మొదటి ఏడాది ఊరికి పంపే పైసలు కొంచెం తగ్గించి చేతిలో పెట్టుకో.

ఈసారి నీ పనితీరు రివ్యూ అయినంక మీ హైదరాబాద్ మేనేజర్‌ను ఒక్కన్నే కాదు, లండన్‌లో నీ పని చూసిన వైస్ ప్రెసిడెంట్‌ను అడుగు. లెటర్ వచ్చినంక వీసా పేరేంది, మధ్యలో మానేస్తే ఏ ఖర్చు ఎంత కట్టాలె, ఈ రెండూ ఫోన్‌లో వద్దు, మెయిల్‌లో అడుగు. క్లాజ్ అర్థం కాకుంటే బ్యాంకు పేరు, నీ పేరు తీసేసి ఇక్కడ కింద రాయి, చూసి చెప్తా.